క్రూయిజ్ ఇన్సూరెన్స్‌లో మావయ్యగారి స్టెంట్ సంగతి రాయాలా వద్దా?

ప్రశ్న: నమస్తే అండీ. వచ్చే సెలవల్లో మా ఇంట్లోవాళ్ళం ఏడుగురం కలిసి మొదటిసారి క్రూయిజ్‌కి వెళ్తున్నాం, ఏడు రాత్రులు, మధ్యలో నాలుగు దేశాల్లో ఆగుతుంది. నేను, మావారు, ఇద్దరు పిల్లలు (9 ఏళ్ళు, 3 ఏళ్ళు), మావయ్యగారు (71), అత్తయ్యగారు (66), మా మరిది. ఇంకా ఐదు నెలలుంది, డిపాజిట్ కట్టి తొమ్మిది రోజులైంది. బుకింగ్ పేజీలోనే ఇన్సూరెన్స్ అని ఒక టిక్ బాక్స్ ఉంది, అది కొట్టేస్తే చాలు అంటున్నారు మావారు. మరిదేమో క్రెడిట్ కార్డ్‌తో కట్టాం కాబట్టి అసలేం అక్కర్లేదు, అందులోనే ఉంటుంది అంటాడు. మావయ్యగారికి నాలుగేళ్ళ కింద స్టెంట్ వేశారు, బీపీకీ షుగర్‌కీ మందులు వాడతారు, ఇప్పుడు బాగానే ఉన్నారు, కానీ "అవన్నీ రాస్తే పాలసీ ఇవ్వరు, ఇచ్చినా డబుల్ చేస్తారు, రాయొద్దు" అని గట్టిగా చెప్పేశారు. పెద్దాయన మాట కాదనలేకపోతున్నాను. మరిదికి లీవ్ దొరుకుతుందో లేదో కూడా ఇంకా డౌటే, మా పెద్దబ్బాయి బాబాయితోనే ఒక క్యాబిన్‌లో ఉండాలి. వాడికి స్కూబా చెయ్యాలని కూడా ఉంది (మరిదికి). ఏది తీస్కోవాలో కొంచెం వివరంగా చెప్పండి.

సమాధానం: ముందు ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్తానండీ, మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు గానీ దీనికి మాత్రం గడువుంది. పాత జబ్బుల్ని ప్రీ ఎగ్జిస్టింగ్ అంటారు కదా, ట్రావెల్ పాలసీలు మామూలుగా వాటిని పక్కన పెట్టేస్తాయి, అంటే ఆ జబ్బు వల్ల ఏదన్నా వస్తే మేం ఇవ్వం అని ముందే రాసి పెట్టుకుంటాయి. కానీ కొన్ని దేశాల్లో చాలా కంపెనీలు ఒక వెసులుబాటు ఇస్తాయి, ట్రిప్‌కి మొదటి డిపాజిట్ కట్టిన రోజు నుంచి 14 రోజుల్లోపో 21 రోజుల్లోపో పాలసీ కొంటే, కొనే రోజున ఆ మనిషి ప్రయాణం చెయ్యగలిగే ఆరోగ్యంతో ఉంటే, ట్రిప్‌లో వెనక్కి రాని ఖర్చంతా ఇన్సూర్ చేయిస్తే, ఆ పాత జబ్బుల మినహాయింపుని తీసేస్తాయి. దీన్నే వెయివర్ అంటారు. గడువు దాటాక అదే పాలసీ కొనొచ్చు గానీ వెయివర్ మాత్రం రాదు. మీకు తొమ్మిది అయిపోయాయి, 14 లెక్కన చూస్తే ఐదు రోజులే మిగిలాయి. ఇంకొన్ని చోట్ల పద్ధతి వేరు, అక్కడ జబ్బులన్నీ ముందే అడుగుతారు, ఎప్పుడు స్టెంట్ వేశారు, ఏం మందులు, చివరిసారి హాస్పిటల్లో ఎప్పుడు చేరారు అని ఒక్కొక్కటీ అడిగి, దానికి తగ్గట్టు ప్రీమియం కలిపి కవర్ చేస్తారు. మీరున్న చోట ఏ పద్ధతో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.

ఐదు రోజుల్లో అన్నీ చదివి ఎలా తేల్చుకోవాలి అని కంగారు పడకండి. చాలా పాలసీలకి ఫ్రీ లుక్ పీరియడ్ అని ఉంటుంది, కొన్నాక 10 నుంచి 15 రోజుల్లోపు, ట్రిప్ మొదలవ్వకుండా, క్లెయిమ్ ఏమీ పెట్టకుండా ఉంటే వద్దనుకుని డబ్బు వెనక్కి తీస్కోవచ్చు. అంచేత గడువులోపల కొనేసి, ఆ ఫ్రీ లుక్ రోజుల్లో పాలసీ వర్డింగ్ మొత్తం కూర్చుని చదవండి. బ్రోచర్ కాదు, షరతులన్నీ పూర్తిగా రాసిన వర్డింగ్. నచ్చకపోతే రద్దు చేస్కుని వేరేది తీస్కోవచ్చు, కాకపోతే ఆ వేరేది కూడా గడువులోపలే పడేలా చూస్కోవాలి. ఇంకోటి, ఇప్పుడు డిపాజిట్ ఒక్కటే కట్టారు కదా, మిగతా డబ్బు మామూలుగా ఓడ బయల్దేరడానికి 60 నుంచి 90 రోజుల ముందు కట్టాల్సొస్తుంది, ఫ్లైట్లు మధ్యలో ఎప్పుడో బుక్ చేస్తారు. కట్టిన ప్రతిసారీ ఆ ఖర్చుని పాలసీలో చేర్పించాలి, దానికీ కొన్ని రోజుల గడువే ఉంటుంది. ఇది మర్చిపోయి వెయివర్ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు స్టెంట్. రాయాలండీ. కచ్చితంగా రాయాలి, ఇందులో రెండో మాటే లేదు. మావయ్యగారి భయం నాకు అర్థమైంది, ప్రీమియం పెరుగుతుందన్న మాట చాలాసార్లు నిజమే, కొన్ని కంపెనీలు ఇవ్వం అన్నా అనొచ్చు. కానీ దాచి కొన్న పాలసీ ఎప్పుడు చిక్కులో పడుతుందో ఆలోచించండి, సరిగ్గా ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చిన రోజున. పెద్ద క్లెయిమ్ ఏది వచ్చినా కంపెనీ ముందు అడిగేది పాత మెడికల్ రికార్డులే, వాళ్ళకి స్టెంట్ కనపడకుండా ఉండటం అనేది జరగదు, ఓడలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, కుటుంబంలో ఎవరో ఒకరు నిజం చెప్తారు, చెప్పాలి కూడా. అడిగినప్పుడు దాచారని తేలితే ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీ మొత్తం చెల్లదనే హక్కు వాళ్ళకి వస్తుంది. అంటే డబ్బు కట్టి మరీ ఇన్సూరెన్స్ లేకుండా వెళ్ళినట్టు.

మావయ్యగారితో మీరు వాదించకండి, మీవారిని మాట్లాడమనండి, అదీ ఆయన ఆరోగ్యం గురించి అన్నట్టు కాకుండా "నాన్నా, తెలియని దేశంలో హాస్పిటల్ వాడు ముందు డిపాజిట్ కట్టమంటే ఆ రాత్రి నేనెక్కణ్ణుంచి తేవాలి" అని అడగమనండి. కొడుకు ఇబ్బంది పడతాడంటే ఏ తండ్రైనా ఆలోచిస్తాడు. ఈలోపు ఆయన కార్డియాలజిస్ట్ దగ్గర చెకప్ చేయించి, ప్రయాణం చెయ్యొచ్చు అని ఒక లెటర్, మందుల పేర్లూ డోసులూ ఉన్న కాగితం తీస్కోండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వెయివర్ లేని పాలసీల్లో లుక్ బ్యాక్ అని 60 నుంచి 180 రోజుల దాకా వెనక్కి చూస్తారు, ఆ రోజుల్లో మందు మారినా, డోసు పెరిగినా, చాలా పాలసీల్లో డోసు తగ్గినా సరే, దాన్ని నిలకడ లేని జబ్బు కింద లెక్కేస్తారు. బీపీ మాత్ర సగం చేశారు కాబట్టి ఇంకా మంచిదే కదా అని మనం అనుకుంటాం, వాళ్ళు అలా అనుకోరు. పాలసీ కొన్నాక మందులు మారితే కూడా వెంటనే కంపెనీకి చెప్పాలా అని అడిగి ఉంచుకోండి, కొన్నిచోట్ల చెప్పాల్సిందే. ఇంకో రకం పాలసీలుంటాయి, పాత జబ్బుకి కూడా ప్రాణాపాయం వస్తే ఇస్తాం అని రాస్తాయి, బాగానే ఉందనిపిస్తుంది, కానీ దానికి వేరే చిన్న లిమిట్ పెడతాయి, ఆ లిమిట్ ఎంతో చూడకుండా ఒప్పుకోకండి. వయసు 60 దాటినవాళ్ళకి, 70 దాటినవాళ్ళకి మొత్తం కవరేజే తగ్గించే పాలసీలు కూడా ఉన్నాయి, మీ ఇంట్లో ఇద్దరికీ అది తగులుతుంది.

క్రూయిజ్‌కి ఇన్సూరెన్స్ అనగానే అందరూ ట్రిప్ క్యాన్సిల్ అయితే డబ్బొస్తుందా అనే చూస్తారు. అదీ కావాలి, కాదనను. కానీ టికెట్ డబ్బు పోతే బాధపడి ఊరుకుంటాం, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ కూడబెట్టుకుంటాం. సముద్రం మధ్యలో మనిషికి బాలేకపోతే వచ్చే ఖర్చు అలాంటిది కాదు, ఇల్లు తాకట్టు పెట్టించే ఖర్చు. అందుకని నేనైతే పాలసీని మెడికల్ (వైద్యం ఖర్చు), ఇవాక్యుయేషన్ (పేషెంట్‌ని అక్కణ్ణుంచి తగిన హాస్పిటల్‌కి చేర్చే ఖర్చు) అనే ఈ రెండిటి దగ్గర్నుంచే చదవడం మొదలుపెడతాను.

ఓడలో మెడికల్ సెంటర్ ఉంటుంది, డాక్టరు, నర్సులు ఉంటారు, ఈసీజీ, ఎక్స్‌రే, ఆక్సిజన్, గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషీన్, మామూలు రక్త పరీక్షలు ఇలాంటివన్నీ పెద్ద ఓడల్లో ఉంటాయి. కానీ అది హాస్పిటల్ కాదు, పేషెంట్‌ని నిలబెట్టి ఒడ్డుకి చేర్చేదాకా చూస్కునే చోటు. యాంజియోగ్రామ్ చెయ్యరు, పెద్ద ఆపరేషన్లు చెయ్యరు. అక్కడ చూపించుకుంటే ప్రైవేట్ రేట్లే, బిల్లు మీ ఆన్‌బోర్డ్ అకౌంట్‌లో పడిపోతుంది, దిగేముందు మీ కార్డ్ నుంచి తీసేస్కుంటారు, ఇన్సూరెన్స్ వాడి దగ్గర ఆ తర్వాత మీరు వసూలు చేస్కోవాలి. మీ మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఇంట్లో ఎంత బాగా పనిచేసినా దేశం దాటితే చాలావరకు పనిచెయ్యదు, ఇంకో దేశం జెండా కట్టిన ఓడ అయితే సొంత తీరం దగ్గరున్నా పనిచేస్తుందన్న నమ్మకం లేదు, అది కూడా అడిగి తెల్సుకోండి.

డాక్టరు ఈయన్ని దించాలి అంటే రెండు దార్లు. వీలుంటే ఓడని దగ్గర్లో ఉన్న పోర్ట్ వైపు తిప్పుతారు లేదా తర్వాతి పోర్ట్ దాకా ఆగుతారు. ఆగలేని పరిస్థితైతే హెలికాప్టర్. అదేమో వెళ్ళి తిరిగి రావడానికి సరిపడా దూరంలోనే పనిచేస్తుంది, కాబట్టి ఓడ ముందు ఆ దూరంలోకి రావాలి, వచ్చాక కూడా చాలాసార్లు డెక్ మీద దిగదు, పైన నిలబడి తాడుతో మనిషిని పైకి లాగుతుంది. 2019 మార్చిలో నార్వే తీరం దగ్గర వైకింగ్ స్కై అనే ఓడ ఇంజన్లు తుఫాన్లో ఆగిపోయినప్పుడు 479 మందిని ఇలాగే తాడుతో లాగి ఒడ్డుకి చేర్చారు. రాత్రంతా పట్టింది. చాలా దేశాల్లో కోస్ట్ గార్డ్ ఈ రెస్క్యూకి డబ్బు తీస్కోదు, అందుకే కొంతమంది ఇవాక్యుయేషన్ ఫ్రీ కదా అంటుంటారు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుందండీ. దించిన చోటు చిన్న దీవి అయితే అక్కడ గుండె ఆపరేషన్ చేసే హాస్పిటల్ ఉండకపోవచ్చు, అక్కణ్ణుంచి ఐసీయూ సామానూ డాక్టరూ ఉన్న చిన్న జెట్‌లో పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, దూరం ఎక్కువైతే ఆ ఒక్క ఎయిర్ అంబులెన్స్‌కే లక్ష డాలర్లు దాటొచ్చు.

అందుకే క్రూయిజ్‌కి వెళ్ళేవాళ్ళకి సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువమంది చెప్పే లెక్క మెడికల్‌కి కనీసం 1,00,000 డాలర్లు, ఇవాక్యుయేషన్‌కి కనీసం 2,50,000 డాలర్లు, మనిషికి. ఆ "మనిషికి" అన్న మాట మీద వేలు పెట్టి అడగండి. ఫ్యామిలీ పాలసీల్లో కొన్ని అందరికీ కలిపి ఒకే మొత్తం ఇస్తాయి, ఏడుగురికి కలిపి అంత అంటే పైకి పెద్ద నంబర్‌లా కనపడుతుంది, ఒక్కరికి పెద్ద సమస్య వస్తే మిగతా ఆరుగురికి ఏమీ మిగలదు.

ఎక్కడికి తీసుకెళ్తారు అన్నది కూడా పాలసీని బట్టి మారుతుంది. కొన్ని "దగ్గర్లో ఉన్న తగిన హాస్పిటల్" దాకానే ఇస్తాయి, తగినదో కాదో తేల్చేది మీరు కాదు, కంపెనీ డాక్టరు. కొన్ని మీ ఇంటి దగ్గర హాస్పిటల్ దాకా చేరుస్తాయి. మావయ్యగారి వయసుకి నేనైతే రెండోదే వెతుకుతాను, భాష తెలియని చోట వారాల తరబడి ఉండటం పెద్దవాళ్ళకి చాలా కష్టం. ఇక ఏ పాలసీ అయినా సరే ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఇవాక్యుయేషన్ మీరు సొంతంగా ఏర్పాటు చేస్కుని తర్వాత బిల్లు పంపిస్తే చాలా కంపెనీలు ఇవ్వవు, ముందు వాళ్ళ 24 గంటల అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి వాళ్ళ చేతే చేయించాలి. ఆ నంబర్ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే పెట్టుకోకండి, కాగితం మీద రాసి అత్తయ్యగారి పర్సులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి. సముద్రంలో సిగ్నల్ ఉండకపోయినా ఓడ రిసెప్షన్ వాళ్ళ శాటిలైట్ ఫోన్ నుంచి కలుపుతారు.

మీరు అడగలేదు గానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ గుబులు పుట్టించింది ఇంకోటి. ఓడ ఆగదండీ. పేషెంట్‌ని దించి, సామాను దించి, వాళ్ళ టైమ్‌కి వాళ్ళు వెళ్ళిపోతారు. మావయ్యగారిని దింపాల్సొస్తే ఆయనతో ఎవరు దిగుతారు? అత్తయ్యగారు ఒక్కరే తెలియని దేశంలో హాస్పిటల్ పనులు చూస్కోగలరా? మీవారు కూడా దిగితే మీరు, ఇద్దరు పిల్లలు, మరిది ఓడలో ఉంటారా, అందరూ దిగుతారా? దిగితే హోటల్, కొత్త ఫ్లైట్లు, వాడుకోని క్యాబిన్ డబ్బు, ఇవన్నీ ఎవరిస్తారు? దీనికోసమే ట్రిప్ ఇంటరప్షన్ అనే భాగం ఉంటుంది, ట్రిప్ ఖర్చుకి 100 శాతం ఇచ్చేవి ఉన్నాయి, 150 శాతం దాకా ఇచ్చేవి ఉన్నాయి, ఆ పై 50 ఉండేది ఇలా చివరి నిమిషంలో కొనే టికెట్ల కోసమే. పేషెంట్‌తో ఎయిర్ అంబులెన్స్‌లో ఒక తోడు మనిషిని తీసుకెళ్తారా, పెద్దవాళ్ళు హాస్పిటల్లో ఉంటే మైనర్ పిల్లల్ని తోడిచ్చి ఇంటికి పంపిస్తారా, ఏడు రోజులకి మించి హాస్పిటల్లో ఉంటే ఇంటి నుంచి ఒకరిని రప్పిస్తారా, ఈ మూడూ పాలసీలో ఉన్నాయో లేదో వెతకండి. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ సంగతి కూడా చూడండి, మీ అమ్మానాన్నలకి సడన్‌గా సీరియస్ అయితే మీరు ట్రిప్ మానుకోవాల్సొస్తుంది, కుటుంబ సభ్యులు అంటే ఎవరెవరో పాలసీలో రాసుంటుంది, వాళ్ళ పాత జబ్బుల లెక్క కూడా అక్కడే ఉంటుంది. ఇవన్నీ రాయడానికి నాకే మనసొప్పదు, హాయిగా తిరిగి రావాలనే కోరుకుంటున్నాను, కానీ ఇవి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయాలు, ఓడ డెక్ మీద కాదు.

ఇక టిక్ బాక్స్. ఓడ కంపెనీ ఇచ్చే ప్లాన్‌లో మంచి లేకపోలేదు, చాలావాటికి వయసుతో పనిలేకుండా క్రూయిజ్ ధర మీద ఇంత శాతం అని ఒకే లెక్క ఉంటుంది, పెద్దవాళ్ళకి అది కలిసొస్తుంది. ఏ కారణంతో మానేసినా ఎంతో కొంత ఇస్తాం అనే ప్లాన్లూ ఉన్నాయి, కాకపోతే ఇచ్చేది చాలాసార్లు డబ్బు కాదు, ఇంకో క్రూయిజ్‌కి వాడుకునే క్రెడిట్. దాని లోపాలు మీకు బాగా తగిలేవే. మెడికల్, ఇవాక్యుయేషన్ లిమిట్లు చాలా వాటిలో పైన చెప్పినదానికి చాలా తక్కువ ఉంటాయి. మీరు విడిగా కొన్న ఫ్లైట్లు, ముందురోజు హోటల్ దాంట్లోకి రావు. ఆ ఓడ కంపెనీయే మూతపడితే సాధారణంగా అందులో కవర్ ఉండదు. కాబట్టి ఇప్పుడే కొట్టకండి. మామూలుగా ఫైనల్ పేమెంట్ దాకా దాన్ని చేర్చుకునే వీలుంటుంది, ముందు బయట పాలసీ సంగతి తేల్చండి, బయట ఎవరూ మావయ్యగారికి సరిగ్గా ఇవ్వకపోతే అప్పుడు మళ్ళీ దీని దగ్గరికి రావచ్చు.

మరిదికి చెప్పండి, క్రెడిట్ కార్డ్ కవర్ ఉండొచ్చు గానీ దాని షరతుల కాగితం తెప్పించి చూడమని. చాలా కార్డుల్లో క్యాన్సిలేషన్, లగేజ్ లాంటివి ఉంటాయి, మెడికల్ ఉండదు లేదా నామమాత్రం. కార్డ్ ఎవరి పేరుతో ఉందో వాళ్ళు, భార్య, పిల్లలు వరకే వస్తారు, అమ్మానాన్నలు, తమ్ముడు చాలాసార్లు రారు. అంటే ఎవరి కోసం ఇన్సూరెన్స్ గట్టిగా కావాలో వాళ్ళే బయట ఉండిపోతారు.

అతని లీవ్ విషయం వేరు. ఆఫీసులో లీవ్ ఇవ్వలేదు అన్నది మామూలు పాలసీల్లో కారణంగా చెల్లదు. దానికి పనికొచ్చేది క్యాన్సిల్ ఫర్ ఎనీ రీజన్, అంటే ఏ కారణంతో మానుకున్నా సరే అనే అదనపు కవర్, అన్ని చోట్లా దొరకదు, ప్రీమియం బాగా పెంచుతుంది, డిపాజిట్ గడువులోపలే కొనాలి, బయల్దేరడానికి 48 గంటల ముందే రద్దు చేస్కోవాలి, అప్పుడు కూడా 50 నుంచి 75 శాతమే తిరిగొస్తుంది. ఏడుగురికీ అది కొనే బదులు అతనొక్కడికే వేరే పాలసీ తీస్కుని దాంట్లో పెట్టొచ్చా అని అడగండి, నాకు అదే సబబనిపిస్తోంది. అంతకన్నా ముందు చెయ్యాల్సింది, రద్దు చేస్కుంటే డబ్బు కోసుకునే పెనాల్టీ మొదలయ్యే తేదీలోపు లీవ్ సంగతి తేల్చమని అతన్ని నిలదీయడం. ఎందుకంటే అతను రాకపోతే తొమ్మిదేళ్ళ పిల్లాడు క్యాబిన్‌లో ఒక్కడే అయిపోతాడు, ఓడవాళ్ళు దానికి ఒప్పుకోరు, మీలో ఒకరు అటు మారాలి, ఇద్దరి క్యాబిన్‌లో ఒకరే మిగిలితే రెండోవాళ్ళ డబ్బు కూడా చాలావరకు కట్టించుకుంటారు. పాలసీలో సింగిల్ సప్లిమెంట్ కవర్ ఉంటే ఆ తేడా ఇస్తారు, అదీ అతను మానుకున్న కారణం పాలసీ ఒప్పుకునేదైతేనే.

తుఫాన్లు, సమ్మెలు, జబ్బులు ఇలాంటి వాటికి ఒకటే సూత్రం, వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ ఆ వార్తకి పనికిరాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి యూరప్‌లో దాదాపు వారం రోజులు విమానాలు ఆగిపోయాయి, ఆ వార్త చూశాక పాలసీ కొన్నవాళ్ళకి దాని మీద క్లెయిమ్ రాలేదు. అట్లాంటిక్ వైపు వెళ్తుంటే జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్, తుఫానుకి పేరు పెట్టేశాక కొంటే ఆ తుఫానుకి కవర్ ఉండదు. ముందే కొనడానికి ఇదింకో కారణం. ఇన్ఫెక్షన్ల సంగతీ అంతే, 2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 712 మందికి కోవిడ్ సోకింది, ప్రయాణికుల్ని రెండు వారాల పాటు క్యాబిన్లలోనే ఉంచారు. అప్పట్నుంచి కొన్ని పాలసీలు క్వారంటైన్‌కి, క్యాబిన్‌లో బంధించి ఉంచినందుకు రోజుకి ఇంత అని ఇస్తున్నాయి, కొన్ని ఇప్పటికీ మహమ్మారి అన్న మాట కనపడగానే తలుపేసేస్తున్నాయి. మూడేళ్ళ పాప ఉంది కాబట్టి వాంతులు విరేచనాల లాంటి వాటికి కూడా డాక్టరు రెండు మూడు రోజులు క్యాబిన్ దాటొద్దు అనొచ్చు, ఓడల్లో నోరోవైరస్ తెలిసిన సమస్యే, ఆ కవర్ ఉంటే కాస్త ఊరట.

తుఫానని ఒక పోర్ట్ మానేస్తే పెద్దగా ఏమీ రాదు, కెప్టెన్‌కి దారి మార్చే హక్కు టికెట్ షరతుల్లోనే ఉంటుంది, కొన్ని పాలసీలు పోర్ట్‌కి ఇంత అని చిన్న మొత్తం ఇస్తాయి. దాన్ని చూసి పాలసీ ఎంచుకోకండి.

ఫ్లైట్ లేటై ఓడ మిస్ అయితే వచ్చే కవర్ మాత్రం చూడండి, ఎన్ని గంటలు లేటైతే ఇస్తారో, మూడా ఆరా అన్నది అడగండి. దానికన్నా మంచిది ముందురోజే ఓడ ఎక్కే ఊరికి చేరిపోవడం, ఏడుగురితో అదే రోజు ఫ్లైట్ మీద భరోసా పెట్టుకోవద్దు. పోర్ట్‌లో దిగి సొంతంగా తిరిగి మీ అంతట మీరే లేటైతే ఓడా ఆగదు, ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు.

పాలసీ కొనే ముందు "క్రూయిజ్" అన్న మాట అందులో ఉందా అని సూటిగా అడగండి. కొన్ని ట్రావెల్ పాలసీలు క్రూయిజ్‌ని కలపవు, విడిగా యాడ్ ఆన్ కొనాలి, ఇది తెలియక మామూలు పాలసీతో ఓడెక్కేసేవాళ్ళు చాలామంది. ఆగే నాలుగు దేశాలూ కవరయ్యే ప్రాంతంలో ఉండాలి, తేదీలు ఓడ తేదీలు కాదు, ఇల్లు దాటిన రోజు నుంచి ఇల్లు చేరే రోజు దాకా. వీసాలు, పాస్‌పోర్ట్ గడువు సరిగ్గా లేవని ఓడ ఎక్కనివ్వకపోతే ఏ మామూలు పాలసీ కూడా ఇవ్వదు, కాబట్టి ఏడుగురివీ ముందే చూసేస్కోండి. దారిలో షెంజెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఉండి మీకు వీసా కావాల్సొస్తే కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ చూపించాలి, కానీ అది వీసా కోసం పెట్టిన కనీస లెక్క, ఓడ ప్రయాణానికి సరిపోతుందని కాదు. ఇక స్కూబా, చాలా పాలసీల్లో సర్టిఫికెట్ ఉన్నా లేదా ఇన్‌స్ట్రక్టర్ తోడుగా ఉన్నా ఫలానా లోతు వరకే కవర్ చేస్తారు, కొన్నిట్లో 30 మీటర్లు, కొన్నిట్లో అసలు లేదు. జెట్ స్కీ, పారాసెయిలింగ్, జిప్‌లైన్ కూడా లిస్టులో వెతకండి. తాగి ఉన్నప్పుడు జరిగినదానికి క్లెయిమ్ తోసేస్తారు, అది అతనికి ముందే చెప్పి ఉంచండి.

చివరగా కాగితాలు. మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు దిగడానికి రెండు రోజుల ముందు బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగింది. ఓడలోనే కదా జరిగింది, వాళ్ళే చూస్కుంటారు అనుకున్నాం, తప్పు వాళ్ళదని మనం చూపిస్తే తప్ప వాళ్ళేమీ ఇవ్వరు. ఎక్స్‌రే తీసి కట్టు కట్టారు, చాలా బాగా చూసుకున్నారు, బిల్లు అకౌంట్‌లో పడింది, చివరి రోజు ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో మెడికల్ అని ఒకే ఒక్క లైను ఉంది, అదే పట్టుకొచ్చాం. ఇన్సూరెన్స్ వాళ్ళు ఏ పరీక్షకి ఎంత, ఏ మందుకి ఎంత అని విడివిడిగా రాసిన బిల్లు, డాక్టర్ రిపోర్ట్ కావాలన్నారు. ఇంటికొచ్చాక అవి తెప్పించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, అమ్మ ఆ నాలుగు నెలలూ నా వల్లే ఈ ఖర్చు అని బాధపడుతూనే ఉంది. అందుకని మెడికల్ సెంటర్‌కి ఎంత చిన్న పనికి వెళ్ళినా దిగకముందే అక్కడికే వెళ్ళి ఐటమ్ వారీ బిల్లు, డాక్టరు సంతకం ఉన్న రిపోర్ట్ అడిగి తీస్కోండి. లగేజ్ పోతే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో రిపోర్ట్ రాయించకుండా ఎయిర్‌పోర్ట్ దాటొద్దు. ఆన్‌బోర్డ్ అకౌంట్‌కి ఇచ్చే కార్డ్‌లో లిమిట్ కాస్త ఎక్కువ ఉండేలా చూస్కోండి.

మావయ్యగారి మందులు హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టండి, వారం ట్రిప్ అయినా పది పన్నెండు రోజులకి సరిపడా. డిపాజిట్ రసీదు మీద తేదీ ఒకసారి మళ్ళీ చూసి, రేపు పొద్దున్నే కనీసం మూడు కంపెనీలకి ఫోన్ చేసి స్టెంట్ సంగతి మీరే ముందు చెప్పి, కవర్ చేస్తామని వాళ్ళు అంటే ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి.